కారు పాతదే, పాట కొత్తగా!

కంపెనీ స్టీరియోను, స్పీకర్లను తక్కువ ఖర్చుతో మెరుగుపరుచుకోవడం ఎలా?

పాసిర్ రిస్‌లో ఉండేవాళ్లకు ఒక సుఖం, ఒక కష్టం. సుఖం సముద్రం. భోంచేసి కాస్త నడిస్తే పార్కు, ఇసుక, చల్లగాలి. కష్టం దూరం. ఎమ్మార్టీ పచ్చ లైను తూర్పున ఇక్కడితో ఆఖరు. సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి వెళ్లాలన్నా, ముస్తఫాలో కందిపప్పు, ఆవకాయ తెచ్చుకోవాలన్నా, జురాంగ్‌లో స్నేహితుల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి అందుకోవాలన్నా సగం దీవో, మొత్తం దీవో దాటాల్సిందే. బడి సెలవుల్లో టీపీఈ, ఎస్ఎల్ఈ మీదుగా వుడ్‌ల్యాండ్స్ వంతెన దాటి మలక్కా వైపు బయలుదేరితే ఇక చెప్పనక్కర్లేదు. పూట పూటంతా కారులోనే.

అయితే ఈ కష్టంలోనూ ఒక లాభం ఉంది. ఇంట్లో ఎవరి గది వారిది, ఎవరి ఫోను వారిది. కారులో మాత్రం ఇంటిల్లిపాదికీ ఒకటే పాట! నాన్న పెట్టిన పాత పాట పిల్లలు వినక తప్పదు, పిల్లలు పెట్టిన కొత్త పాట అమ్మ వినక తప్పదు.

మన పిల్లలకు ఈ వినడం ఎందుకంత ముఖ్యమో ఆలోచించండి. సింగపూర్ ఎఫ్‌ఎంలో వినిపించేవి ఇక్కడి అధికార భాషలైన ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం. ఒలి 96.8 తమిళ స్టేషన్. బడిలో మాతృభాషగా తమిళం కాకుండా తీసుకోగలిగిన భారతీయ భాషలు బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ. ఆ ఐదింట్లో మన తెలుగు లేదు. అంటే పిల్లల చెవిన తెలుగు పడేది ఇంట్లో, సమాజం కార్యక్రమాల్లో, ఇదిగో ఇలా కారులో.

మరి కారులో వాళ్లకు నిజంగా ఏం వినిపిస్తోంది? మధ్యతరగతి కార్లలో కంపెనీవాళ్లు పెట్టే స్పీకర్లు చాలావరకు పల్చటి కాగితపు కోను, చిన్న అయస్కాంతం ఉన్నవి. అవి తలుపు అడుగున, మోకాళ్ల దగ్గర ఉంటాయి. టైర్ల రొద, ఏసీ హోరు కలిశాక పాటలో దరువు మిగులుతుంది, మాట మాయమవుతుంది. పిల్లలు రాగం తీస్తారు గానీ పదాలు పలకలేరు. అందుకే కారు స్టీరియో బాగుచేయడమంటే డిక్కీ అదిరిపోయేలా చేయడం కాదని, మాట స్పష్టంగా వినిపించేలా చేయడమని ఈ వ్యాసం ఉద్దేశం. అదృష్టమేమిటంటే రెండింట్లో ఇదే చవక!

పైసా ఖర్చు లేని పనులు ముందు

షాపుకు పరుగెత్తే ముందు ఉన్న స్టీరియోతోనే ఒక అరగంట కూర్చోండి. బాస్, ట్రెబుల్ రెండూ సున్నాకు తెండి. లౌడ్‌నెస్ అనే మీట ఉంటే ఆపేయండి. ఫేడర్‌ను కొంచెం ముందు స్పీకర్ల వైపు జరపండి. బాస్ తగ్గితే చాలు, గాయకుడి గొంతు మీద కప్పిన దుప్పటి తీసినట్టు ఉంటుంది.

తర్వాత పాట ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. ఎవరో వాట్సాప్‌లో పంపగా పదిసార్లు చేతులు మారిన పాటను ఎంత ఖరీదైన స్పీకరూ బాగుచేయలేదు. 128 కేబీపీఎస్ ఎంపీ3లో ముందు దెబ్బతినేవి తాళాలు, గజ్జెలు, స-శ-ష శబ్దాలే. 256 లేదా 320 ఉన్న ఫైళ్లు తీసుకోండి. పాటల యాప్ వాడేవారు సెట్టింగుల్లో క్వాలిటీని పైమెట్టుకు మార్చుకోండి. పాత సీడీలు అటక మీద ఉంటే పారేయకండి. వాటి నుంచి స్వయంగా కాపీ చేసుకున్న పాట చాలా డౌన్‌లోడ్ల కన్నా మేలు.

లైటర్ సాకెట్‌లో గుచ్చే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ వాడుతున్నారా? స్టేషన్లు కిక్కిరిసిన ఈ ఊళ్లో దానికి ఖాళీ జాగా దొరకడం కష్టం, గరగర తప్పదు. కారులో ఆక్స్ రంధ్రం ఉంటే ఒక చిన్న తీగతో ఫోను కలిపేయండి. ఫోను వాల్యూమ్ దాదాపు పూర్తిగా పెంచి, మిగతా సర్దుబాటు స్టీరియోలో చేసుకోండి.

వాట్ల మాయ

స్టీరియో డబ్బా మీద "50 వాట్లు × 4" అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. చిన్న లెక్క చేద్దాం, హైస్కూలు పిల్లలు కూడా చేయగలరు. ఇంజను నడుస్తున్నప్పుడు కారు విద్యుత్తు సుమారు 14.4 వోల్టులు. స్పీకర్ నిరోధం సాధారణంగా 4 ఓములు. వోల్టుల వర్గాన్ని ఓములతో భాగిస్తే వాట్లు. 14.4ను 14.4తో గుణించి 4తో భాగిస్తే దాదాపు 52. డబ్బా మీది 50 అక్కడి నుంచి వచ్చిందే! కానీ అది పాట పూర్తిగా చిరిగిపోయి, గరగరగా మారినప్పటి సంఖ్య. శుభ్రమైన స్వరానికి లెక్క సగానికి పడిపోయి 26 అవుతుంది. లోపలి నష్టాలు తీసేస్తే చేతికొచ్చేది ఒక్కో స్పీకర్‌కు 15 నుంచి 20 వాట్లు. స్పెసిఫికేషన్ కాగితంలో ఆర్‌ఎంఎస్ అని రాసే సంఖ్య ఇదే. దాన్ని నమ్మండి.

అయితే బాధపడనక్కర్లేదు. కారు చిన్న గది లాంటిది, 15 వాట్లు తక్కువేమీ కాదు. చూడాల్సింది స్పీకర్ సెన్సిటివిటీ. అంటే ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందన్న లెక్క. 3 డెసిబెల్స్ పెరిగితే వాట్లు రెట్టింపు చేసినంత ఫలం. ఒకటి 88, ఇంకొకటి 91 ఉంటే, అదే స్టీరియోతో రెండోది రెట్టింపు శక్తి పెట్టినట్టు పలుకుతుంది. అదనపు ఆంప్లిఫయర్ కొనే స్తోమత లేనప్పుడు డబ్బా మీద 300 వాట్లు అని రాసినదాన్ని కాకుండా సెన్సిటివిటీ ఎక్కువ ఉన్నదాన్ని ఎంచుకోండి.

డబ్బు పెట్టాల్సిన చోటు: ముందు తలుపులు

మాట ఎక్కడుంది? అచ్చుల బలం కింది స్వరాల్లో ఉంటుంది. హల్లుల గుర్తులు చాలావరకు 2,000 హెర్ట్జ్ పైన ఉంటాయి. స వంటి ఊదే శబ్దాలు చాలావరకు 4,000 దాటి ఉంటాయి. పాత ల్యాండ్‌లైన్ ఫోను 3,400 హెర్ట్జ్ దగ్గర ఆగిపోయేది. అందుకే ఊరి నుంచి ఫోను వస్తే పేర్లు అక్షరం అక్షరం విడమరిచి చెప్పుకోవాల్సి వచ్చేది. ట్వీటర్ లేని తలుపు స్పీకర్‌తోనూ ఇంచుమించు అదే అవస్థ. పై స్వరాలు టార్చిలైటు వెలుగులా నేరుగా పోతాయి. మోకాలి దగ్గర స్పీకర్ ఉంటే అవి మోకాలికే వినిపిస్తాయి!

మందు సులువు. వెనక స్పీకర్లను అలాగే వదిలేసి ఉన్న బడ్జెట్టంతా ముందు రెండు తలుపుల మీద పెట్టండి. రెండు రకాలు దొరుకుతాయి. కోయాక్సియల్‌లో పెద్ద స్పీకర్ మధ్యలోనే ట్వీటర్ ఉంటుంది. చవక, బిగించడం తేలిక. కాంపొనెంట్ సెట్‌లో ట్వీటర్ విడిగా వస్తుంది. దాన్ని అద్దం దగ్గరి మూల మీదో, డ్యాష్‌బోర్డు మీదో చెవికి ఎదురుగా పెట్టవచ్చు. మాట కోసం అయితే కాంపొనెంటే మేలు. చాలా కార్లలో ముందు తలుపు స్పీకర్ ఆరున్నర అంగుళాలది. కొన్నింట్లో అండాకారపు ఆరు-తొమ్మిది అంగుళాలది ఉంటుంది. కొనే ముందు వెడల్పుతో పాటు లోతు కూడా కొలవండి. కిటికీ అద్దం పూర్తిగా దించినప్పుడు స్పీకర్ వెనక భాగానికి తగలకూడదు.

ఇక చాలామంది వదిలేసే పని ఒకటుంది. స్పీకర్ కోను ముందుకు గాలి తోసినప్పుడు వెనక గాలి పల్చబడుతుంది. తలుపు రేకులో ఉన్న పెద్ద రంధ్రాల గుండా ఆ రెండూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. బాస్ అక్కడే చచ్చిపోతుంది. స్పీకర్ చుట్టూ సందు లేకుండా ఫోము పట్టీ వేసి, రేకుకు బ్యుటైల్ షీట్లు అంటిస్తే అదే స్పీకర్ గుండ్రంగా, నిండుగా పలుకుతుంది. తలుపు గలగలా తగ్గుతుంది. రోడ్డు రొద కూడా కొంత తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. తలుపు లోపల ఒక ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఇక్కడి వానల సంగతి తెలిసిందే కదా! కిటికీ సందులోంచి దిగిన నీరు ఆ పొర వెనక నుంచి కిందికి జారి రంధ్రాల గుండా బయటికి పోతుంది. పొర చింపి అలాగే వదిలేస్తే తివాచీ తడుస్తుంది, బూజు వాసన వస్తుంది. పొరను తిరిగి అంటించమని, తలుపు అడుగు రంధ్రాలు మూయవద్దని మెకానిక్‌కు ముందే చెప్పండి.

స్టీరియో మార్చాలా, వద్దా?

పాత కార్లలో ఇది తేలిక. స్టీరియో ఉండే గూటికి జర్మనీ ప్రమాణం నుంచి వచ్చిన డిన్ కొలతలు ఉంటాయి. సింగిల్ డిన్ 180 × 50 మిల్లీమీటర్లు, డబుల్ డిన్ 180 × 100. కొన్ని టొయోటా కార్లలో వెడల్పు 200 ఉంటుంది. అప్పుడు పక్కన సందు కనబడకుండా ఒక చట్రం అడగాలి. మీ కారుకు తగిన వైరింగ్ అడాప్టర్ కొనిపించండి. కంపెనీ తీగలు కోసి ముడివేయనివ్వకండి. స్టీరింగ్ మీది మీటలు, వెనక కెమెరా కొత్త స్టీరియోతో పని చేస్తాయో లేదో ముందే తేల్చుకోండి.

కొత్త కార్లలో తెర, ఏసీ, కెమెరా, కారు సెట్టింగులు అన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అక్కడ స్టీరియో జోలికి పోవద్దు. స్పీకర్లు మార్చి ఆగండి. ఇంకా కావాలనిపిస్తే తర్వాతెప్పుడైనా డీఎస్‌పీ ఉన్న చిన్న ఆంప్లిఫయర్ చేర్చుకోవచ్చు. అది పెట్టించేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. ఈ ఒక్క విషయంలో బేరం ఆడకండి.

జపాన్ నుంచి నేరుగా దిగుమతైన కార్లు ఇక్కడ చాలానే ఉన్నాయి. వాటి రేడియోతో ఒక తమాషా ఉంది. జపాన్‌లో ఎఫ్‌ఎం 76 నుంచి మొదలవుతుంది. అక్కడి కోసం చేసిన పాత రేడియోలు 90 దగ్గర ఆగిపోతాయి. ఇక్కడి స్టేషన్లలో చాలావరకు 90కి పైనే. కారు కొన్న కొత్తల్లో రేడియో పాడైందని కంగారుపడేది అందుకే. బ్యాండ్ ఎక్స్‌పాండర్ అనే చిన్న పెట్టె పెడితే పై స్టేషన్లు కిందికి దిగి వినిపిస్తాయి, అంకెలు మాత్రం వేరేగా కనబడతాయి. వాన, ట్రాఫిక్ కబుర్లకు రేడియో కావాలనుకునేవారికి ఇది చాలు.

సీఓఈ చూసి బడ్జెట్ వేయండి

మన దేశంలో కారు ఇరవై ఏళ్లు నడిపినా అడిగేవారు ఉండేవారు కాదు. ఇక్కడ సీఓఈ పదేళ్లది. ఆ తర్వాత కారును వదిలేయాలి, లేదా డబ్బు కట్టి మరో ఐదో పదో ఏళ్లు పొడిగించుకోవాలి. కాబట్టి పని మొదలుపెట్టే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న "ఇంకా ఎన్నేళ్లుంది?"

ఏడాది లోపే ఉంటే పైన చెప్పిన ఉచిత పనులతో సరిపెట్టుకోండి. రెండు మూడేళ్లుంటే ముందు స్పీకర్లు మార్చుకోండి. ఐదేళ్లు, ఆపైన ఉంటే తలుపులకు షీట్లు కూడా వేయించండి. ఉదాహరణకు 400 డాలర్లు కేటాయించారనుకుందాం. సగం, అంటే 200, ముందు కాంపొనెంట్ సెట్‌కు. 80 డాలర్లు షీట్లు, రింగులు, అడాప్టర్లకు. మిగిలిన 120 కూలికి. నాలుగేళ్లు వాడితే నెలకు ఎనిమిది డాలర్ల పైచిలుకు. మంచి కంపెనీ స్పీకర్లను తర్వాతి కారుకు కూడా మార్చుకోవచ్చు. విప్పిన కంపెనీ స్పీకర్లను పారేయకుండా డబ్బాలో పెట్టి దాచండి. కారు అమ్మేటప్పుడు వాటిని తిరిగి బిగించి, మీవి మీరు తెచ్చుకోవచ్చు. అద్దె కారైతే యజమాని అనుమతి లేనిదే ఏదీ విప్పవద్దు.

పాసిర్ రిస్ నుంచి దగ్గరగా వెళ్లాలంటే కాకీ బుకిత్, ఊబి వైపు కారు పనులు చేసే షాపులు వరుసగా ఉన్నాయి. ఊరి మధ్యవైపు సిన్ మింగ్ ఉంది. రెండు మూడు చోట్ల అడిగి, వస్తువుల ధర వేరుగా, కూలి వేరుగా రాయించుకోండి. జొహోర్ బారులో చేయించుకునేవారూ ఉన్నారు. ఏదైనా తేడా వస్తే వారంటీ కోసం మళ్లీ వంతెన దాటాలన్నది లెక్కలో వేసుకోండి. కారు ఇంకా కంపెనీ వారంటీలో ఉంటే డీలర్‌ను ఒక మాట అడగడం మంచిది.

స్వయంగా చేసుకుందామనే ఉత్సాహవంతులకు మూడు మాటలు. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పాకే పని మొదలుపెట్టండి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి, ముట్టుకోకండి. ఈఆర్‌పీ కోసం అమర్చిన ఓబీయూ పెట్టె తీగలను కదపకండి.

పిల్లల పేజీ: మీరే ఇంజనీర్లు!

నాన్నగారు పాత స్పీకర్లు విప్పగానే ఒకటి అడిగి తీసుకోండి. ఒక 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ, రెండు తీగ ముక్కలు చాలు. పెద్దవాళ్లు పక్కన ఉండగా బ్యాటరీ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు ఒక్క క్షణం తాకించండి. "టక్" మంటూ కోను బయటికి వస్తుంది. తీగలు తారుమారు చేస్తే లోపలికి పోతుంది. కరెంటు అయస్కాంతంతో ఆడే ఆట ఇదే, పాటంతా ఈ ముందుకూ వెనక్కూ కదలడమే! కారుకు బిగించిన స్పీకర్‌తో, చిన్న ట్వీటర్‌తో మాత్రం ఇది చేయకూడదు.

రెండో పరీక్ష కొత్త స్పీకర్లు బిగించాక. "మాయాబజార్" సినిమా వచ్చింది 1957లో. అప్పటి పాటలు మోనో, అంటే ఎడమ కుడి స్పీకర్లలో ఒకే శబ్దం. ఆ పాత రికార్డింగు ఒకటి పెట్టి కళ్లు మూసుకోండి. ఘంటసాల గారు డ్యాష్‌బోర్డు మధ్యలో కూర్చుని పాడుతున్నట్టు ఉందా? తీగలన్నీ సరిగ్గా ఉన్నాయి. గొంతు ఎక్కడుందో తెలియకుండా చెదిరిపోయి, బాస్ పల్చబడిందా? ఎక్కడో ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారయ్యాయి. షాపులో ఉండగానే చెప్పండి. మెకానిక్ అంకుల్ ఆశ్చర్యపోతారు!

మూడోది మాటల ఆట. అమ్మ ఫోనులో ఈ జంటలను కలగాపులగంగా చదివి రికార్డు చేయాలి: కల – కళ, తాతా – టాటా, పాలు – పాడు, చాలు – సాలు. కారు నడుస్తుండగా వెనక సీట్లో ఉన్నవాళ్లు విని ఏ మాటో చెప్పాలి. స్పీకర్లు మార్చకముందు ఒకసారి, మార్చాక ఒకసారి ఆడి మార్కులు పోల్చండి. పెట్టిన డబ్బు దండగో కాదో మార్కులే చెబుతాయి.

కారులో పాట ప్రయాణం కూడా తెలుసుకోండి. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల కారు రేడియో "మోటొరోలా" పేరుతో వచ్చింది. 1963లో ఫిలిప్స్ కంపెనీ కాంపాక్ట్ క్యాసెట్‌ను చూపించింది. మీ తాతయ్యల కార్లలో మోగింది అదే. కారు సీడీ ప్లేయర్లు 1984లో వచ్చాయి. ఇప్పుడు పాట ఫోనులో ఉంది, కానీ చివరికి దాన్ని పలికించేది ఆ పాత కోనూ, అయస్కాంతమే.

శబ్దం తగ్గితే మాట పెరుగుతుంది

మంచి స్పీకర్లు పెట్టాక వాల్యూమ్ పెంచాలని చెయ్యి లాగుతుంది. నిజానికి తగ్గించవచ్చు, స్పష్టత పెరిగింది కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పాటలు వినే మోతాదు పెద్దలకు 80 డెసిబెల్స్ వద్ద వారానికి 40 గంటలు, పిల్లలకైతే 75 వద్ద 40 గంటలు. ఫోనులో డెసిబెల్స్ కొలిచే యాప్ వేసుకుని వెనక సీట్లో ఒకసారి చూడండి. వెనక అంబులెన్స్ సైరన్ వినబడాలి, పక్కవాళ్ల హారన్ వినబడాలి. మన బ్లాకు కార్ పార్కులోకి వచ్చేసరికి పాట తగ్గించడం మర్యాద. పై అంతస్తులో ఎవరింట్లోనో పసిపాప నిద్రపోతుంటుంది.

ఇంత చేశాక కారులో ఏం వినిపించాలన్నది మీ ఇష్టం. పాటలతో పాటు ఇంకొకటి చేర్చండి. ఈసారి ఊరు వెళ్లినప్పుడు అమ్మమ్మ, తాతయ్యల చేత నాలుగు కథలు, రెండు పద్యాలు, వాళ్ల చిన్ననాటి సంగతులు ఫోనులో రికార్డు చేయించండి. ఫ్యాను ఆపి, ఫోను దగ్గరగా పెట్టి, ఒక్కొక్కటి పది నిమిషాలు మించకుండా. వయసు మీద పడిన ఆ గొంతులు మెత్తగా ఉంటాయి. కంపెనీ స్పీకర్లలో అవి టైర్ల రొదలో కలిసిపోతాయి. బాగుచేసిన స్పీకర్లలో నెల్లూరు యాసైనా, కరీంనగర్ మాటైనా ముక్కముక్కా వినబడుతుంది. పాసిర్ రిస్ నుంచి గుడికి చేరేలోగా ఒక కథ పూర్తవుతుంది. తిరిగొచ్చేటప్పుడు రెండోది అడిగేది పిల్లలే!